కుడి రెక్క

పిడుగురాళ్ల,
12-5-1986.

తమ్ముడు కృపాదానానికి అన్న దీవెనలు. ప్రభువు దయవల్ల నేను, మీ వదిన, పిల్లలు బాగానే ఉన్నాం. నువ్వు కూడా బెంగుళూరులో వేళకు తింటున్నావనుకుంటాను.

నీ విమానం పెట్టిన షెడ్డులో ఎలుకల సంగతి అడిగావు. బొక్కలన్నీ సిమెంటుతో పూడ్చాను. రెక్కల్లోని థర్మాకోల్ జోలికి ఏవీ రాలేదు. బట్టీల సున్నపు దుమ్ము రాకుండా వాకిలికి టార్పాలిన్ కట్టాను. "మీ తమ్ముడు ఆ విమానాన్ని ఎగరేసినప్పుడు వినుకొండ మీదుగా ఒకసారి తిప్పమను. మా అన్న చూసి కుళ్లుకోవాల" అంటున్నది మీ వదిన.

వచ్చే సెలవులో కుడి రెక్క బిగించి, మాచర్ల దారిలో బీడు మీద ఎగరేస్తానని రాశావు. ఇక చెప్పక తప్పదు.

పోయినసారి వచ్చినప్పుడు ఆ కుడి రెక్క మీద గాజు గుడ్డ (ఫైబర్‌గ్లాసు) పరిచి, రెజిన్ జిగురు పట్టించి, బస్సుకు పోతూ "అన్నా, రెండు రోజులు క్యూరింగుకు వదిలెయ్" అన్నావు. ఇరవై ఏళ్లుగా తాపీ పని చేస్తున్నాను. క్యూరింగ్ అంటే నాకు తెలిసింది ఒకటే, సిమెంటును తడపడం. ఎండాకాలం కదా అని సాయంత్రానికే తడి గోనెపట్టాలు కప్పి, రెండు రోజులు నీళ్లు పోశాను. పక్కన లారీ బాడీలు కట్టే కాలేషా చూసి నవ్వాడు.

"ఏంది అన్నా, రెక్కకి తడి పెడతన్నావా? ఇంకోటి మొలిచిద్దా?"

"నీళ్లు లేకుండా ఏది గట్టిపడిద్దిరా? నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

పట్టాలు తీస్తే రెక్క తెల్లగా పాలిపోయి, జిగటగా ఉంది. రెజిన్‌కు నీళ్లు పడవని, అది పొడిగానే గట్టిపడాలని అప్పుడు తెలిసింది. ఎండబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, లప్పం పెట్టాను. పైకి ఎడమ రెక్కకంటే నునుపుగా వచ్చింది. పోయిన ఉత్తరంలో రెక్క బాగా కుదిరిందని రాశాను. అది అబద్ధం.

నిన్న దాన్ని రంపంతో మధ్యకు కోశాను. నువ్వు పైపైన చూసి బిగిస్తావేమో, నేను అప్పుడు కూడా నోరు విప్పనేమో అని భయమేసింది. కోసిన చోట గాజు గుడ్డ అంచు పట్టుకుని లాగాను. తడపని గోడ మీది ప్లాస్టరింగులా ఊడి చేతిలోకి వచ్చింది. అదే నువ్వు గాల్లో ఉన్నప్పుడు ఊడి ఉండేది.

వచ్చి తిట్టు. పడతాను.

ఇట్లు,
మీ అన్న,
కృపావరం.