వాపస్ అడగని డబ్బాలు

నల్లగొండ,
5 ఫిబ్రవరి 2024, సోమవారం.

బిడ్డ కోమలకు,

అమ్మ దీవెనలు. మొన్న శనివారం సాయంత్రం ఐదింటికి, ఈ ఇల్లు ఖాళీ చేస్తున్నమని ఓనర్ సుహాసిని ఆంటీకి చెప్పిన. నువ్వు హాస్టల్ నుంచి వచ్చి కట్టిపెట్టిన సామాను చూసి గాబరా పడొద్దని ముందే రాస్తున్న. నేను, అవ్వ మంచిగనే ఉన్నం. బాపు నందికొండలో డ్యూటీకి పోయిండు, ఎప్పటిలెక్కనే ఆదివారాలు వస్తడు. నీ దగ్గు తగ్గిందని వార్డెన్ మేడం చెప్తే మనసు నిమ్మలమైంది.

బాత్రూంలో బేసిన్ కింది కబోర్డ్ తలుపు నీ వల్లనే ఊడిందా, ఆంటీ తిట్టిందా అని అడిగినవ్. నీ వల్ల కాదు. అవ్వ మర్రిగూడలో నీళ్లకు తిప్పలు పడ్డ మనిషి. ఇప్పటికీ నల్లా ఎప్పుడు బందయితదోనని బకెట్లు నింపి ఆ కబోర్డ్‌కు ఆనించి పెడుతది. ఆ తడికి చెక్క ఉబ్బి స్క్రూలు పట్టు విడిచినయ్. ఆ మాటంటే అవ్వ ఒప్పుకోలేదు. "నీళ్లు తాకితె ఉబ్బేదాన్ని తానం చేసే కాడ పెట్టుడేంది? పెట్టినోనికి తెలివి లేదు" అన్నది.

కార్పెంటర్ నాగేందర్ వచ్చి చూసిండు. పాడైన చెక్కలు మార్చి రిపేర్ చేయొచ్చు, లేదంటే మొత్తం తీసి నీళ్లకు పాడుకాని ప్లాస్టిక్‌ది పెట్టొచ్చు అన్నడు. ఇల్లు మనది కాదు కాబట్టి ఆంటీని పిలిచిన. పైనుంచి దిగొచ్చి బాత్రూం గడప బయటనే నిలబడ్డది. ఎప్పటిలెక్క నవ్వుకుంటనే చెప్పింది:

"రిపేరే చేయించు రమా. మీరున్నన్ని దినాలు నడుస్తె చాలు. మీరు పోయినంక ఎట్లాగూ బేసిన్, కమోడ్, నల్లాలు అన్ని పీకించి కొత్తయి పెట్టిస్త. గ్రేస్ వాళ్లు పోయినప్పుడు గూడ గట్లనే చేసిన. లేకుంటె మావోళ్లు ఎవరు దిగుతరు చెప్పు?"

గ్రేస్ మనకంటే ముందు ఇక్కడ కిరాయికున్న నర్సు. వాళ్లదీ మనదీ ఒకటే కులం.

పేపర్లో పనిచేయబట్టి ఇరవై ఏండ్లయింది. ఊర్లల్ల చాయ్ హోటళ్లలో మనోళ్లకు వేరే గ్లాసు పెట్టేది కండ్లారా చూసి రాసిన. ఎవరేమన్నా వెంటనే ఇంకో ప్రశ్న అడుగుడు నా పని. ఆ పూట రిపేర్‌కు ఎంతయితదని నాగేందర్‌ను అడిగిన, అంతే. ఆంటీ "పొయ్యి మీద పాలున్నయ్" అనుకుంట పైకి పోయింది.

ఒక్కరి మాట మీద వార్త రాయం. అందుకని గ్రేస్‌కు ఫోన్ చేసిన. అంతా విని, "అక్కా, మీ దగ్గర ఎన్ని డబ్బాలైనయ్?" అన్నది.

"ఏం డబ్బాలు?"

"పండుగకు సత్తుపిండి, ఐతారం బగారా అన్నం పంపి, డబ్బా వాపస్ వద్దు, ఉంచుకో అంటదా లేదా? ఇల్లు మారంగ నా బీరువా కంటె ఆ డబ్బాల మూటనే పెద్దగైంది."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయిన. అల్మారాలో వరుసగా ఉన్నయ్. ఎంత పెద్ద మనసని అవ్వ మురిసిపోయిన డబ్బాలే. మన చేతి గిన్నె ఒక్కటి కూడా ఆమె ఇంట్లోకి పోలేదు. క్రిస్మస్ నాడు నువ్వు కేకు తీసుకపోతే, "మెట్ల మీద పెట్టిపో బిడ్డా, చేతులు తడిగున్నయ్" అన్నది కదా.

కోమలా, ఇదంతా దాచి, ఆఫీసు దూరమైతున్నదని ఇల్లు మారుతున్నమని నీకు ఒక ఉత్తరం రాసిన. చించేసిన. ఆమెను నువ్వు సొంత పెద్దమ్మ లెక్క చూస్తవు. రేపు ఎవరో చెప్పంగ వినే కంటే నా నోట వినుడు మంచిది.

ఖాళీ చేస్తమంటే ఆంటీ నిజంగనే పరేషానైంది. "నేనేమన్నని? పొమ్మన్ననా?" అన్నది. "లేదక్కా, మేమే పోతున్నం" అన్న.

కబోర్డ్ ఈ పొద్దున బాగైంది. మంచి చెక్క తెప్పించిన. "రేపు పీకేసేదానికి ఇంత గట్టిగెందుకక్కా?" అన్నడు నాగేందర్. గట్టిగనే బిగించుమన్న. మన చేతుల్లో పాడైంది, బాగుచేసే పోతం.

రెండో శనివారం నాలుగింటికి హాస్టల్ గేటు కాడికి వస్త. నువ్వు అటుకుల చుడువా పోసుకొని పోయిన, ఆంటీ పంపిన నీలం మూత డబ్బా నీ పెట్టెలో ఉన్నది కదా, కడిగి తీసుకురా. ఆదివారం ప్రార్థన అయినంక డబ్బాలన్నీ పట్టుకొని మనమిద్దరం పైకి పోతం. మెట్ల మీద పెట్టం. ఆమె చేతికే ఇస్తం.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
అమ్మ