మూడో గేరులో ఆటోనగర్ దాకా

ఏవండీ,

ఈ రోజు మీ పుట్టినరోజు. మీరు పోయాక షెడ్డులోనే ఉండిపోయిన మీ ఎర్ర స్పోర్ట్స్ కారు తీసి, అత్తయ్యగారిని ఎక్కించుకుని, భవానీపురం నుంచి పటమటలో మీ చెల్లెలింటికి బయలుదేరాను. వన్ టౌన్ దాటుతుండగా లోపలేదో తెగి, గేర్ రాడ్డు చేతిలో వదులుగా ఊగింది. కారు మూడో గేరులోనే ఇరుక్కుపోయింది.

"పక్కకి ఆపమ్మా, తాడు కట్టించి లాగించుకుపోదాం" అన్నారు అత్తయ్యగారు.

"మీ అబ్బాయి కారు లాగించనండీ. ఆటోనగర్‌లో మెకానిక్ దాకా నేనే తోలతాను" అన్నాను.

మొదటి గేరు పడదు కనక, ప్రతి సిగ్నల్ దగ్గరా మీరు నేర్పినట్టే ఎక్సలేటర్ తొక్కిపట్టి, క్లచ్ మెల్లగా వదిలాను. కారు వణికింది, కాలిన వాసన వచ్చింది, అయినా కదిలింది. బెంజి సర్కిల్లో మాత్రం బస్సు ముందు ఇంజన్ ఆగిపోయింది. అత్తయ్యగారు అద్దం దించి చెయ్యి బయటపెట్టారు.

"ఆగవయ్యా, మా కోడలు తీస్తోంది!"

బస్సు ఆగింది. నేను తీశాను.

ఆటోనగర్‌లో మెకానిక్ కిందకి వంగి చూసి, "ఇలా ఎవరు తోలుకొచ్చారండీ?" అనడిగాడు.

"ఇదుగో, మా కోడలు" అన్నారు అత్తయ్యగారు, నేను నోరు తెరిచేలోపే.

ఆ తర్వాత నన్ను దిగమని, మీ సీట్లో తనే కూర్చున్నారు. చెప్పులు విడిచి, క్లచ్ మీద కాలు ఆనించి చూశారు.

"బాగయ్యాక నాకూ నేర్పమ్మా."