మైకులో నీ దగ్గు

అన్నా,

మిరప చేను చుట్టూ వేసిన జొన్న ఈసారీ బాగా కంకి పట్టింది. పిట్టల్ని తోలడానికి నీ గొంతే రికార్డు చేసి నువ్వు గట్టు మీద కట్టిన మైకు ఇంకా పనిచేస్తోంది. నువ్వు పోయి ఏడాదైనా, పగలంతా "హోయ్, పోండెహే" అని నువ్వే అరుస్తున్నావు.

మొదట్లో ఆ అరుపుకి చిలకలు గుంపుగా లేచిపోయేవి. ఇప్పుడు కంకులు తిని, ఆ మైకు మీదే వాలి ముక్కులు తుడుచుకుంటున్నాయి. గొంతు అచ్చం నీదే, కోపం కూడా నీదే. మరి వాటికెలా తెలిసింది? అది తేల్చుకుందామని ఇవాళ పొద్దున గట్టు మీద కూర్చుని విన్నాను. మూడు అరుపులు, ఒక దగ్గు, మళ్ళీ మూడు అరుపులు. నువ్వెప్పుడన్నా అంత పద్ధతిగా అరిచావా? మధ్యలో మట్టిబెడ్డ విసిరేవాడివి, లేదంటే ఎవరితోనో మాటల్లో పడి పిట్టల సంగతే మర్చిపోయేవాడివి. తర్వాత ఏం చేస్తావో తెలియకపోతేనే మనిషి అక్కడ ఉన్నట్టేమో.

పక్క చేను సుభానీ ఫోన్‌లో టపాకాయల మోత తెచ్చాడు. "గొంతుంది గానీ మనిషి లేడని వాటికి అర్థమైపోయిందిరా. ఇది ఎక్కించుకో," అన్నాడు.

వదినని అడిగాను. "ఎక్కించు అబ్బాయ్. పిట్టలే నమ్మనప్పుడు ఎందుకది?" అంది, చేటలో కందుల మీంచి తలెత్తకుండా.

మధ్యాహ్నం మైకు విప్పుదామని వెళ్ళాను. ముందు కాసేపు గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాను. ఈలోగా మైకులో నువ్వు దగ్గావు.

చిలకలు కదల్లేదు. నా చేయి మాత్రం బీడీతో సహా వీపు వెనక్కి పోయింది.