పునాదిరాయి మీద జానెడు ఖాళీ

మోంట్‌గోమరీ, అక్టోబరు 6

నా మంచి నాన్నకి,

దేవుడికి చెప్పుకున్న మాట షెరీఫ్ చెవిన పడితే ఆ తప్పు ఎవరిది? ముప్పై నాలుగేళ్ళుగా ఈ ప్రశ్నని మోస్తున్నాను. ఫోనులో నీకు సరిగా వినబడదు, వినబడినా ఇది ఫోనులో చెప్పే మాట కాదు. అందుకే ఉత్తరం.

ముందు నిన్నటి సంగతి. వచ్చే నెల మన చర్చి శతవార్షికోత్సవం. నువ్వూ ఇటుకలు మోసి కట్టిన హాలు పునాదిరాయిని శుభ్రం చేయించే పని నాకు అప్పగించారు. అందులో డీకన్ల, అంటే చర్చి పెద్దల, వరసలో హోసియా ప్రూయిట్ పేరు కింద జానెడు ఖాళీ. నీ పేరుని ఉలితో చెరిపేసిన చోటు. చేత్తో తడిమితే ఇప్పటికీ గరుకుగానే ఉంది.

ఆరాధన అయ్యాక అందరం భోజనానికి కూర్చున్నాం. ప్రూయిట్ గారి పళ్ళెంలో వేయించిన కోడి చల్లారిపోతోంది, ఆయన కళ్ళు మాత్రం ఫోనులో ఉన్నాయి.

"ఏంటండీ అంత దీక్షగా చూస్తున్నారు?"

"శనివారం ఫుట్‌బాల్ ఆట, అమ్మాయ్. అలబామా జట్టు గెలుస్తుందని కొన్ని వాటాలు కొన్నాను. గెలిస్తే ఒక్కోదానికి డాలరు."

"మన రాష్ట్రంలో ఫోను మీద పందెం కాయకూడదు కదా?"

"పందెం అన్నదెవరు? ఇది కాంట్రాక్టు. పత్తి, గోధుమలు కొనే మార్కెట్ లాంటిది. వాషింగ్టన్‌లో కేంద్ర ప్రభుత్వం కిందికొస్తుంది. మన షెరీఫ్ ముట్టుకోలేడు."

"అయితే మా నాన్న పందెం చీటీలూ మార్కెట్టే. పాపం, ఆయనకి పేరు పెట్టడం చేతకాలేదు."

బల్ల చుట్టూ నవ్వారు. నవ్వుతూనే ఎవరి నాన్నో గుర్తొచ్చి ఆగిపోయారు. నేను ఆగలేదు. "రాయి మీద ఆయన పేరు మళ్ళీ చెక్కిస్తాను. కాదనేవాళ్ళు ముందు ఫోను తెరిచి, అందరికీ కనబడేలా ఈ బల్ల మీద పెట్టి మాట్లాడండి" అన్నాను. ఒక్క ఫోనూ బయటికి రాలేదు.

రాష్ట్రాలకీ ఈ కాంట్రాక్టులమ్మే కంపెనీలకీ కోర్టుల్లో తగువు ఇంకా తేలలేదట. తేలేదాకా మాత్రం ఎవరి చేతికీ సంకెళ్ళు లేవు. నీకు పడ్డాయి. నీ క్షవరం షాపులో కుర్చీ పక్కన నిలబడి శనివారం ఆటల చీటీలు తీసుకున్నందుకు పదకొండు నెలలు జైల్లో ఉన్నావు.

ఇప్పుడు అసలు మాట. సండే స్కూల్లో మిసెస్ ప్రూయిట్ ఒక్కొక్కరినీ అడిగేది: ఈ వారం దేని కోసం ప్రార్థించమంటారు అని. పిల్లలు అమ్మమ్మ మోకాలి నొప్పి అనేవాళ్ళు, కుక్కపిల్ల అనేవాళ్ళు. నాకు పదేళ్ళు. లేచి నిలబడి, "ఆబర్న్ జట్టు ఓడిపోవాలని ప్రార్థించండి. గెలిస్తే మా నాన్న ఊరందరికీ డబ్బులివ్వాలి" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఆమెన్ కూడా అంది. శుక్రవారం షెరీఫ్ వచ్చాడు. చెప్పింది నేనే, నాన్నా. అమ్మకి కూడా ఎన్నడూ చెప్పలేదు.

నీ లెనోరా

*

మొబీల్, అక్టోబరు 14

బంగారుతల్లీ,

నీ ప్రార్థన సంగతి నాకు ఆ వారమే తెలుసు. షెరీఫే చెప్పి నవ్వాడు, నేనూ నవ్వాను. పైగా ఆబర్న్ ఓడిపోయింది. ఆ రోజు మన చర్చిలో ఫలించిన ప్రార్థన నీదొక్కటే. పదేళ్ళ పిల్లవి నా మీద బెంగతో అడిగావు. దాన్ని తప్పంటే నేనొప్పుకోను.

కానీ పేరు చెక్కించొద్దు. ప్రూయిట్ చేసేది ఇవాళ చట్టబద్ధమైతే నేను చేసింది మంచిదైపోదమ్మా. లెస్టర్ గుర్తున్నాడా, కలప లారీ తోలేవాడు? పొద్దున గడ్డం గీశాను, మధ్యాహ్నం చీటీ తీసుకున్నాను. అలా వారం వారం తీసుకుంటూ పోతే చివరికి ఆ లారీ పోయింది. అతని భార్య ఒడెస్సా ఇంకా చర్చిలో మూడో వరసలోనే కూర్చుంటుందా? నా పేరు గురించి నన్ను కాదు, ఆవిణ్ణి అడుగు.

మీ నాన్న, అమోస్

*

మోంట్‌గోమరీ, అక్టోబరు 28

మొండి నాన్నకి,

ఒడెస్సా పిన్ని ఇంటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నాకూ ఒక గిన్నె చేతికిచ్చింది. నీ ఉత్తరం చదివి వినిపించాను.

"మీ నాన్నని నేను క్షమించలేదే" అంది. "కానీ ఒక మాట చెప్పాలి. రెండుసార్లు, ఇంక చాలు లెస్టర్, ఇంటికి పో అని వెనక్కి పంపాడు. మనిషి మొహం చూసేవాడు కదా. మా అల్లుడూ ఫోనులో ఇదే కాస్తాడు, ఆ ఫోను వాడి మొహం చూస్తుందా?"

"పేరు చెక్కించమంటావా, వద్దంటావా?"

"నన్నెందుకే ఇరికిస్తావు? మీ నాన్న పేరు చెరిపేసిన ఉలే ప్రూయిట్‌దీ చెరిపెయ్యాలి. లేదా ఇద్దరివీ ఉండాలి. ఉలి అందరికీ ఒకటే."

ఆ మాటనే నిన్న చర్చి సభలో లేచి చెప్పాను. పాస్టరు గారు ఉత్సవం ముందు ఇదేం గొడవమ్మా అన్నారు. గొడవ ముప్పై నాలుగేళ్ళ కిందే మొదలైంది, నేను ముగిస్తున్నానంతే అన్నాను. అప్పుడు ప్రూయిట్ గారే లేచారు. "అమోస్‌ని తీసెయ్యమని మొదట చెయ్యెత్తింది నేనే. ఇద్దరివీ ఉంచుతారో, ఇద్దరివీ తీసేస్తారో, ఆ అమ్మాయినే చెప్పనివ్వండి" అని కూర్చున్నారు. అందరూ సరేనన్నారు. ఇంక పోట్లాడటానికి నాకు ఎదురుగా ఎవరూ మిగల్లేదు.

కాలేజీలో పిల్లలకి సంభావ్యత చెప్తాను కదా. ఏ జట్టు గెలిచే అవకాశం ఎంతో బోర్డు మీద వేసి చూపిస్తాను. ఇది మాత్రం ఏ లెక్కకీ లొంగటం లేదు. నీ పేరు చెక్కిస్తే నీ మాట కాదన్నట్టు, లెస్టర్ లారీ ఏమీ కానట్టు. ప్రూయిట్‌ది చెరిపిస్తే నీకు చేసిందే నేనూ చేసినట్టు, అదీ ఆయన తలవంచిన తర్వాత. ఆ ఖాళీని అలాగే వదిలేస్తే మాత్రం నీ పేరు తీసేసినవాళ్ళే గెలిచినట్టు. వదలను. అదొక్కటే గట్టిగా తెలుసు.

మేస్త్రీ గురువారం పొద్దున్న వస్తాడు. ఉలి ఎక్కడ పెట్టమని చెప్పాలో నాకింకా తెలియదు, నాన్నా.

నీ లెనోరా