జత చెట్టు

ఏప్రిల్ 14
ఇది మా అమ్మాయి ఎమెతి స్కూల్ నోట్‌బుక్. సగం ఖాళీగా ఉంది. పారేయలేక రాస్తున్నాను.

పొద్దున లేచేసరికి రెండు వందల చెర్రీ చెట్లూ పూసి ఉన్నాయి. సుల్తాన్ కొండ మీది మంచు దిగొచ్చి మా తోటలో కూర్చున్నట్టుంది. నా పిల్ల లేని ఏడాది కూడా ఇంత తెల్లగా పూస్తాయా అని ఒళ్లు మండింది. అయినా గుమ్మంలోంచి కదల్లేకపోయాను. చేతిలో టీ చల్లారిపోయింది.

పోయిన జూన్ తొమ్మిదిన నల్ల చెర్రీ చెట్టు మీంచి పడింది ఎమెతి. పదిహేడేళ్లు. పిల్ల పోయిన నలభయ్యో రోజు దాని పేరున హల్వా పంచి, ఆ సాయంత్రమే చెట్టు కొట్టించాను. తోటలో ఆ రకం అదొక్కటే. ఈ జన్మలో చెర్రీ నోట పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

ఏప్రిల్ 19
పక్క తోట కెజ్బాన్ అత్త వచ్చింది. మొద్దు చూసి నెత్తి కొట్టుకుంది. ఒసేయ్ గోధుమ చేల పిల్లా, పాతికేళ్లు ఇక్కడ కాపురం చేసి ఇదీ తెలీదుటే, ఈ ఎర్ర రకం తమలో తాము కాయవే, వేరే రకం పుప్పొడి పడాలి, నువ్వు నరికించింది తోట మొత్తానికీ మొగుణ్ణే అంది.

నీకు తెలుసా అని మా ఆయన రెమ్జీని అడిగాను. తలూపాడు. మరి గొడ్డలి పట్టింది నువ్వే కదా అన్నాను. ఆ చెట్టు వంక చూస్తూ తిండి మానేశావు, తోట పోతే పోనీ అనుకున్నా అన్నాడు.

ఏప్రిల్ 20
వేరే రకం చెర్రీ పూల కొమ్మలు తెచ్చి, నీళ్ల బకెట్లలో పెట్టి చెట్లకు వేలాడదీస్తే మిగతా పని తేనెటీగలు చూసుకుంటాయంది అత్త. ట్రాక్టర్ నిండా తెచ్చి కట్టాం. చివరి బకెట్ కడుతుంటే వాన.

ఏప్రిల్ 23
వాన. ఒక్క తేనెటీగ లేదు. పూలన్నీ బురదలో.

మే 12
పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయి. తొక్కకుండా అడుగు వేయలేను. చలికి ముందే చెట్లు పీకించేద్దాం అంటున్నాడు రెమ్జీ. ఒక చెట్టు మీది కోపం. రెండు వందల చెట్లు.

మే 29
మేక తప్పిపోతే వాగు వైపు మూలకు వెళ్లాను. పూత రాలాక అటు ఎవరం పోలేదు. అక్కడ పన్నెండు చెట్ల నిండా కాయలు. గుత్తులు గుత్తులు! నడిమి చెట్టుకు ఒకే ఒక్క కొమ్మ కాయలు, మిగతావి ఇంకా పచ్చిగా ఉండగానే, నల్లగా పండిపోయాయి.

కేకేశాను. అత్త పరుగెత్తుకొచ్చి కొమ్మ మొదలు తడిమి, దీనికెవరో అంటు కట్టారే, ఇది మీ నల్ల చెట్టు కొమ్మే అంది. అతుకు దగ్గర ఎర్ర ఊలు. సగం బెరడు మింగేసింది.

మూడేళ్ల కిందట నా ఎర్ర ఊలు ఉండ కనబడలేదని ఎమెతిని తిట్టాను. ఒక పెళ్లికి ఇచ్చానులే అమ్మా అని నవ్వింది.

నా మణికట్టంత కొమ్మ. అన్ని పూల మధ్య తేనెటీగలు దాన్నెలా కనుక్కున్నాయి? వాన రాకముందే, నాకు తెలియకముందే.

రెమ్జీ ఆ ఊలును వేలితో తడిమాడు. చలికాలంలో దీని పుల్లలు కోసి తోటంతా అంటు కడతాను, నేర్పు అత్తా అన్నాను. ముందు ముక్కు తుడుచుకోవే అంది.

జూన్ 9
ఆకుల చాటున ఒక్క నల్ల పండు మిగిలింది. తిన్నాను.

గింజ ఇంకా నోట్లోనే ఉంది.