ఇంజన్ నోరు మూశాక

పెద్ద టీచరుగారికి నమస్కారాలు.

నేను మీ దగ్గర చదువుకున్న దాన్ని, మిమ్మల్ని రోజూ బడికి తీసుకెళ్లే కారు డ్రైవరు కూతుర్ని. వారం నుంచి మీరు మా కారు ఎక్కడం లేదు. ఖాయంగా వచ్చే బేరం మీది ఒక్కటే. అది పోతే నా కాలేజీ చదువు ఆగిపోతుంది.

తప్పు నాది. ఆ ముసలి ఇంజన్ రోకళ్లతో దంచినట్టు మోగేది కదా. లోపల మడ్డి పేరుకుందని మెకానిక్ అన్నాడు. ఇంట్లో చదువొచ్చింది నాకొక్కదానికే కనుక, మడ్డిని కరిగించే క్లీనర్ సీసా మీద రాసింది చదివి, అలాగే దాన్ని పాత ఆయిల్లో పోసి, కాసేపు ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఆయిల్ మార్పించాను. చప్పుడు పోయింది. చదవడం నేర్పింది మీరే కాబట్టి ఇందులో మీ చెయ్యి కూడా కొంత ఉంది.

మర్నాడు మీరెక్కగానే నాన్న అలవాటుగా గొణిగాడు, "ఎక్కింది మహాతల్లి. ఇక దారంతా నాకు పాఠాలే." ఇన్నేళ్లూ ఆ మోతలో తన మాట తనకే వినబడేది కాదు. మీరు వెంటనే కారు ఆపించి దిగిపోయారు.

కానీ టీచరుగారూ, అంతకుముందే డోరు తీస్తూ మీరూ గొణిగారట, "ఈ దున్నపోతు ఇవాళైనా గుంతలు చూసి తోలితే బాగుండు" అని. నాన్న అదీ విన్నాడు. అయినా రేపు వస్తానంటున్నాడు.

చప్పుడు లేదు కనుక మీ గేటు దగ్గర హారన్ కొడతాడు. దయచేసి ఎక్కండి. ఇకమీదట ఇద్దరూ మనసులోనే తిట్టుకోండి.

మీ విద్యార్థిని