దేవుడికి బగ్గుల లిస్టు

మంగళవారం రాత్రి, నిజాంపేట

ఇవాళ తెలంగాణ బంద్. ఒక్క ఆటో కూడా లేదు, అమ్మకేమో డయాలసిస్ తప్పదు. చివరికి మాదాపూర్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నా పక్క సీటు యాదగిరికి ఫోన్ చేశాను. మెడలో ఉద్యమం కండువాతో బండి మీద వచ్చాడు. ముగ్గురం ఎక్కాం. చౌరస్తాలో కుర్రాళ్లు ఆపారు.

"మా పెద్దమ్మ. దవాఖానకు తీస్కపోతున్న, జర తొవ్వ ఇయ్యుండ్రి" అన్నాడు యాదగిరి.

మాట్లాడితే గుంటూరని తెలిసిపోతుందని అమ్మ నోరు విప్పలేదు. ఆసుపత్రిలో మాత్రం విప్పింది.

"నిన్ను పంపింది దేవుడే బాబూ. ఆయనలో ఏ లోపమూ లేదు."

"మరి మీ కిడ్నీలు గిట్లెందుకు ఖరాబైనయ్ పెద్దమ్మా?" అని నా వైపు తిరిగాడు. "నువ్వు టెస్టర్‌వి గద. సాఫ్ట్‌వేర్ బయటికి ఇచ్చినప్పుడల్లా అండ్ల మిగిలిన తప్పులు, బగ్గుల లిస్టు రాస్తవ్. దేవునికెందుకు రాయవ్?"

అంత మాట అన్నవాడు సాయంత్రం దాకా మాతోనే కూర్చున్నాడు.

రాత్రి ఇంటికొచ్చాక ప్రార్థనలో అమ్మ తన కిడ్నీల ఊసే ఎత్తలేదు. యాదగిరిని చల్లగా చూడమంది. టీవీలో ఉద్యమం మాట వినబడితేనే ఛానెల్ మార్చే మనిషి, "ఆ బిడ్డ అడిగే తెలంగాణ కూడా ఇచ్చేయి తండ్రీ" అంది.

నేను కాస్త ఆలస్యంగా ఆమెన్ అన్నాను.